మీ నాన్న ఫోన్‌లో నా వేణ్ణీళ్ళు

ఇలా వచ్చి కూర్చో అమ్మలూ. ఆ ఫోన్ పక్కన పడేసి పెన్ను తీసుకో. సరిగ్గా విను, విన్నది విన్నట్టే రాయి. మీ నాన్న గురించి చెబుతున్నానని మధ్యలో మొహం ముడుచుకోకు.

మన పెరటి బాత్‌రూమ్‌లో గీజర్ పెట్టించింది పోయిన చలికాలం, నాకు నిమ్ము చేసి ఆసుపత్రిలో పడుకుని వచ్చాక. చన్నీళ్ళ జోలికి వెళ్ళొద్దని డాక్టరు గారు గట్టిగా చెప్పారు. మీ నాన్న ఫోన్‌తో నడిచే గీజర్ తెచ్చాడు. ఆటోనగర్‌లో బేరింగుల షాపులో కూర్చుని, ఇక్కడ పటమటలో నాకు నీళ్ళు కాచేవాడు. నేను ఊరుకున్నానా, కూరగాయల బండి దగ్గర అందరికీ చెప్పుకున్నాను. గోడ మీద స్విచ్ ఎవరు ఎప్పుడు నొక్కినా ఆ సంగతి వాడి ఫోన్‌కి పోతుందని మాత్రం నాకు తెలియదు.

నా తమ్ముడి మాట మన ఇంట్లో ఎత్తరు కాబట్టి నీకు తెలియదు. హనుమాన్ జంక్షన్ దాటాక వాళ్ళ ఊరు. వాడి కూతుర్ని మీ నాన్న చేసుకోవాలనుకున్నాడు. మీ అమ్మను చూడకముందు సంగతిలే. మా తమ్ముడు నలుగురి ముందూ, "అక్కా, నీ కొడుకు చెయ్యి చేసుకునే రకం. నా పిల్లనివ్వను" అనేశాడు. ఆ రోజు నుంచి మీ నాన్నకి మేనమామ లేడు. నాకూ తమ్ముడు ఉండకూడదు. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే నేను తల తిప్పుకోవాలి. తిప్పుకున్నానో లేదో మీ నాన్న వెనక నుంచి చూస్తుంటాడు.

పోయిన వారం ఆ తమ్ముడు పోయాడు. ఆ పిల్లే ఫోన్ చేసింది. "నువ్వు రాలేవని తెలుసు అత్తా, చెప్పకుండా ఉండలేక చేశాను" అంది. మీ అమ్మ స్కూలుకి పాఠాలు చెప్పడానికి వెళ్ళింది, నువ్వు కాలేజీకి పోయావు. ఆడవాళ్ళకి బస్సులో టికెట్ లేదు కాబట్టి మీ నాన్నను చెయ్యి చాపి అడిగే పని పడలేదు. ఆధార్ కార్డు చూపించి వెళ్ళిపోయాను. తమ్ముడి మొహం చూశాను. బుగ్గలు పీక్కుపోయి అచ్చం మా నాన్నలా ఉన్నాడు. గట్టిగా ఏడవలేదు. గొంతు పోతే సాయంత్రానికి మీ నాన్న కనిపెడతాడు కదా.

చావింటి నుంచి వచ్చి తలస్నానం చెయ్యనిదే ఇంట్లో ఏదీ ముట్టుకోకూడదు. పెరటి వైపు నుంచి వచ్చి, సంచీ మెట్టు మీద పెట్టి, మోచేత్తో స్విచ్ నొక్కి పీట మీద కూర్చున్నాను. ఎర్ర లైటు వెలిగింది. కాసేపటికి ఆరిపోయింది. మళ్ళీ నొక్కాను. వెలిగి మళ్ళీ ఆరింది. కరెంటు పోయిందేమో అనుకుంటుంటే సంచీలో ఫోన్ మోగింది. మీ నాన్న.

"ఏంటమ్మా, ఈ వేళప్పుడు స్నానం?"

"చెమట పట్టిందిరా."

"పుష్యమాసంలోనా?"

వాడు నవ్వాడు. కబురు పొద్దున్నే వాడికీ వచ్చిందట. నేను వెళతానో లేదో చూద్దామని ఎవరికీ చెప్పకుండా ఊరుకున్నాడట. బేరాలు ఆడుతూనే, గీజర్ ఎప్పుడు వెలుగుతుందా అని ఫోన్ ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాడట.

కాస్త గోరువెచ్చగానైనా కానివ్వరా, ఛాతీ పట్టేస్తుంది అన్నాను.

"వాళ్ళింటి మైలకి మన కరెంటు ఎందుకమ్మా? చన్నీళ్ళు పోసుకో" అని పెట్టేశాడు.

పోసుకున్నాను. మొదటి చెంబుకే ఊపిరి ఆగినంత పనైంది. కుళాయి పూర్తిగా తిప్పి, ఆ చప్పుడులో అప్పుడు ఏడ్చాను.

ఆ రాత్రి భోజనాల దగ్గర నువ్వూ ఉన్నావు. కోడికూర తెచ్చాడు, గుర్తుందా? తోడబుట్టినవాడు పోతే పెళ్ళయిన ఆడదానికి మూడు రోజులు మైల, నీచు ముట్టకూడదు. ఒంట్లో బాగాలేదు, మజ్జిగన్నం తింటానన్నాను. మీ నాన్న తనే ముక్కలు ఏరి నా కంచంలో వేశాడు.

"తినమ్మా. మనకెవరు పోయారు?"

మీ అమ్మ తల దించుకుంది. నీకు సంగతి తెలియదు కదా, లెగ్ పీస్ నానమ్మకే వచ్చిందని అలిగావు. తిన్నాను. ఎముక కూడా శుభ్రంగా చీకాను. అదయ్యేదాకా వాడు లేవలేదు మరి.

మర్నాటి నుంచి గోడ మీద స్విచ్ పనిచెయ్యదు. వేణ్ణీళ్ళు కావాలంటే షాపుకి ఫోన్ చెయ్యాలి. ఎక్కడికి వెళుతున్నావు, ఎవరింటికి వెళ్ళొచ్చావు అని అడుగుతాడు. అన్నీ చెప్పించుకుని, కొనడానికి వచ్చినవాళ్ళు వింటుండగా, మా అమ్మగారికి స్నానం మంజూరు అంటాడు. వాళ్ళు నవ్వడం నాకు వినపడుతుంది. రెండు మూడు రోజులు అడిగాను, తర్వాత మానేశాను. రోజూ చన్నీళ్ళే. దగ్గు పట్టుకుంది, పట్టుకోనీ. నిన్న మీ అమ్మను అడిగాడట, అమ్మ అసలు స్నానం చేస్తోందా అని. ఫోన్‌లో ఏమీ కనపడక తిక్క రేగుతోంది పాపం.

రేపు తమ్ముడి పెద్దకర్మ. మీరంతా అటు వెళ్ళగానే నేను బస్సెక్కుతాను. వచ్చాక ఎలాగూ చన్నీళ్ళే పోసుకుంటాను కాబట్టి, మీ నాన్న ఎంతసేపు ఆ ఫోన్ పట్టుకుని కూర్చున్నా నేను వెళ్ళినట్టు—

"అత్తయ్యగారూ, వడ్డించేశానండి. రండి, ఆయన మీకోసమే కూర్చున్నారు."