ఆ రోజుకు అది చక్కెరే

పక్క ఫ్లాట్ బాల్కనీకి గ్రిల్ బిగిస్తున్నారు. పుప్పాలగూడలో నా క్లినిక్ ఉన్న ఈ అపార్ట్‌మెంట్‌లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఏదో ఒకటి బిగిస్తూనే ఉంటారు కాబట్టి చప్పుళ్లను నేను పట్టించుకోవడం మానేశాను. కానీ ఈ ఉదయం కట్టర్ కింద ఇనుము కాలిన వాసన కిటికీలోంచి లోపలికి వచ్చింది. ఎదురుగా కూర్చున్న అమ్మాయి ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని, "కిటికీ వేసేయనా డాక్టర్?" అంది. వద్దన్నాను. ఆ వాసన నాకు బాలానగర్ వాసన. నా మొదటి ఉద్యోగం వాసన. అది వచ్చిందంటే దాని వెనకాలే భూమయ్య సారు కూడా వచ్చేస్తారు.

సారు హోమియో దవాఖాన బాలానగర్‌లో రెండు కార్ఖానా షెడ్ల మధ్య ఇరుక్కుని ఉండేది. ఒక పక్క లేత్ మిషన్ల మీద ఇనుప కడ్డీలు చెక్కేవారు. రెండో పక్క ఇనుప రేకులు అచ్చుకొట్టే పవర్ ప్రెస్సు. ప్రెస్సు దిగినప్పుడల్లా మా అలమారాలో సీసాలు గలగలమనేవి. మా వైద్యంలో మందును పలచన చేస్తూ, సీసాను కుదుపుతూ పోయినకొద్దీ దాని శక్తి పెరుగుతుందని నమ్మకం. ఈ సంగతి ప్రెస్సులో పనిచేసేవాళ్లకు ఎలా తెలిసిందో ఏమో, నేను చేరిన మొదటి రోజే ఒకాయన గుమ్మంలో నిలబడి, "సారూ, మీరు మాకు కిరాయి ఇయ్యాలె. పొద్దంత మీ సీసలు ఊపేది మేమే, పవరంత మాదే!" అన్నాడు. సారు తలెత్తకుండానే, "గట్లయితె సిటీ బస్సుల తెచ్చిన మందు ఒక్క గోళీ ఏస్తె ముసలోడు లేచి ఉర్కాలెరా" అన్నారు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. కడప నుంచి వచ్చి, హోమియో కాలేజీలోంచి అప్పుడే బయటపడిన దాన్ని. నా వైద్యం మీద నాకు కొత్త కోడలికి పుట్టింటి మీద ఉన్నంత పట్టింపు. ఒక మాట ఎవరన్నా పడేదాన్ని కాదు.

సారు ఆ చుట్టుపక్కల ఊరి మనిషే. పొట్టిగా, నల్లగా, ఎప్పుడూ ఇస్త్రీ లేని తెల్ల చొక్కాలో ఉండేవారు. రోగి మాట్లాడుతుంటే కళ్లు మూసుకుని వినేవారు. కొత్తగా వచ్చినవాళ్లు కాసేపు చెప్పి, నావైపు తిరిగి, "సారు పండుకున్నడా ఏంది?" అని గుసగుసలాడేవారు. "పండుకోలే. ఎడమదిక్కు ఒరిగితె నొప్పంటివి. కుడిదిక్కు ఒరిగితె?" అని అడిగేవారు సారు, కళ్లు తెరవకుండానే. చెప్పవలసింది అయిపోయిందని రోగి అనుకున్న తరువాత కూడా ఆయన ఊరుకునేవారు. ఆ ఊరుకోవడంలోంచే అసలు సంగతి బయటికొచ్చేది. తలనొప్పి అని వచ్చినవాడు అన్నతో మాటల్లేవని చెప్పి వెళ్లేవాడు.

ఒకసారి పక్క ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ ఒకాయన మందు పొట్లం చేతిలో పెట్టుకుని, "నిజం చెప్పండి సార్, ఇవి పనిచేస్తయా?" అని అడిగాడు. పరీక్షలో రాసిన జవాబంతా నా నాలుక చివరికి వచ్చేసింది. సారు నన్ను ఆగమన్నట్టు చెయ్యి ఎత్తి, "తగ్గినోళ్లు మళ్లొచ్చి తగ్గిందంటరు. తగ్గనోళ్లు ఇంకో దవాఖానకు పోతరు. నాకు కనబడేది సగం జనమే. గా సగాన్ని చూసి మొత్తం ఊరే బాగైందంటె ఎట్ల?" అన్నారు. ఆ సూపర్‌వైజర్ మందు పట్టుకుని వెళ్లాడో, వదిలేసి వెళ్లాడో గుర్తు లేదు. నాకు మాత్రం ఆ పూటంతా ఒళ్లు మండింది.

ఆ కనబడని సగాన్ని సారు వదిలిపెట్టేవారు కాదు. కార్ఖానాలకు సెలవున్న రోజు, రమ్మన్నా మళ్లీ రానివాళ్లను గుర్తు చేసుకుని, వాళ్ల ఇళ్లకు బయల్దేరేవారు. నన్నూ వెంట తీసుకెళ్లేవారు. అలా వెళ్లిన ఒక ఇంట్లో, మమ్మల్ని చూడగానే ఒక ముసలమ్మ ఇంగ్లీషు మాత్రల అట్టను దిండు కింద తోసేసింది. "దాస్తవేంది అవ్వా?" అన్నారు సారు. "నీకు కోపమొస్తదని బిడ్డా." "తగ్గిందా మరి?" "తగ్గింది." "అయితె మంచిదే గద. చూపియ్యి, పేరేందో నేను గూడ నేర్చుకుంట." బయటికి వచ్చాక నేను ఉండబట్టలేక అడిగేశాను. "మన ఓటమిని మనమే ఇంటింటికీ వెళ్లి అడిగి తెచ్చుకోవడమేమిటి సార్?" ఆయన సందులో పంపు దగ్గర చెప్పులు కడుక్కుంటూ, "అడగకుంటె గెలిచినట్టా సరళమ్మా?" అన్నారు.

హోమియో మందు గురించి జనంలో ఒక మాట ఉంది. మా గడప ఎప్పుడూ తొక్కనివాళ్లకు కూడా అది తెలుసు. 'ముందు పెరుగుతుంది, తరువాత తగ్గుతుంది.' మా పుస్తకాల్లోనూ ఉన్నదే అది, మందు పట్టిందనడానికి గుర్తుగా. సారుకు ఆ మాట గిట్టేది కాదు. రోగితో ఆ మాట అనవద్దని నాకు మొదటి వారంలోనే చెప్పారు. "పెరిగిందని చెప్పనీకి ఒచ్చినోని నోరు మూసే మాట అది" అన్నారు. పుస్తకంలో ఉన్నదాన్ని వద్దనడానికి ఈయనెవరు అనుకున్నాను. ఎందుకు వద్దన్నారో సత్తయ్య ఇంట్లో తెలిసింది.

సత్తయ్య లేత్ షెడ్డులో పనిచేసేవాడు. కడుపులో మంట అని వచ్చి మందు తీసుకుని, మళ్లీ కనబడలేదు. సెలవు రోజు వెళ్లాం. వరసగా కిరాయి గదులున్న లైను అది. సెలవు కదా, అందరూ ఇళ్లలోనే ఉన్నారు. సత్తయ్య చాప మీద మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని, కదలకుండా పడి ఉన్నాడు. ముఖమంతా చెమట. అతని భార్య యాదమ్మ మాత్రం సారును చూసి సంబరంగా ఎదురొచ్చింది. "మీ మందు మంచిగ పట్టింది సారూ. నిన్నటిసంది మస్తు పెరిగింది. రాత్రంత నిద్ర లేదు. ఇగ తగ్గుడే గద!" అంది.

సారు వంగి, సత్తయ్య పొట్ట మీద అరచెయ్యి ఆనించారు. నన్నూ చూడమన్నారు. పొట్ట చెక్కలా బిగుసుకుపోయి ఉంది. లోపల ఎక్కడో చిల్లి పడిందని వైద్యం చదివినవాళ్లెవరికైనా తెలిసిపోతుంది. అది గోళీల పని కాదు, ఆపరేషన్ పని. "ఆటో పిలువుండ్రి. పెద్ద దవాఖానకు పోవాలె" అన్నారు సారు. సత్తయ్య చాప అంచు గట్టిగా పట్టుకున్నాడు. "వద్దు సారూ. ఇంగ్లీషు సూదేస్తె మీ మందు ఇరిగిపోతది. ఇంత ఓర్సుకున్న, ఇంకింత ఓర్సుకుంట. మీ మీద నాకు నమ్మకమున్నది." యాదమ్మ చెప్పి చూసింది. పక్క గదుల వాళ్లు చెప్పారు. సారు మెల్లగా చెప్పారు, గద్దించారు. సత్తయ్య పళ్లు బిగించి తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. మా మీద నమ్మకంతో ఒక మనిషి మా కళ్లముందే చచ్చిపోయేలా ఉన్నాడు.

అప్పుడు సారు చాప పక్కన గొంతుక్కూర్చున్నారు. గుమ్మం నిండా జనం. వాళ్లందరికీ వినబడేలా, "సత్తయ్యా, నా మాట ఇను. నేనిచ్చింది మందు గాదు. ఉత్త చక్కెర. ఇరిగిపోనీకి దాంట్ల ఏం లేదు. లే" అన్నారు.

"చక్కెరా సారూ?" అంది యాదమ్మ. "చక్కెరనే తల్లీ. ఆటో పిలువు." సత్తయ్య సారు ముఖంలోకి చాలాసేపు చూశాడు. తరువాత చాప వదిలి, యాదమ్మ భుజం పట్టుకున్నాడు.

ఆపరేషన్ అయింది. సత్తయ్య బతికాడు. ఇంకొంత ఆలస్యమైతే చేతులెత్తేసేవాళ్లమని అక్కడి డాక్టరు అన్నాడట. కానీ లైనులో పాకింది ఆ మాట కాదు. 'భూమయ్య సారే ఒప్పుకున్నడు, ఇన్నొద్దులు మనకు చక్కెర ఇచ్చిండంట' అన్న మాట. మా దవాఖాన బెంచీ మీద మనుషులు పలచబడ్డారు. ప్రెస్సు వాళ్లు గ్లాసు పట్టుకొచ్చి, "సారూ, చాయ్‌ల చక్కెర తక్కువైంది, రెండు గోళీలెయ్యండి" అని ఆటపట్టించేవారు. సారు వాళ్లతో కలిసి నవ్వేవారు. నాకు ఏడుపొచ్చేది. ముప్పై ఏళ్లుగా కూడగట్టుకున్న పేరును ఆయన ఒక్క మాటతో చాప మీద పోసి వచ్చేశారు.

ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు అడిగాను. "సార్, మీరు నిజంగానే అలా అనుకుంటున్నారా? అది చక్కెరేనా?"

"ఆ రోజుకు అది చక్కెరే, సరళమ్మా."

"మరి రేపటికి?"

"రేపు ఒచ్చినోన్ని చూసి చెప్త."

"పోనీ, అతన్ని లేపడానికి అలా అన్నానని జనానికైనా చెప్పండి సార్. మీరు చెప్పకపోతే నేను చెబుతాను."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "నువ్వు చెప్తవు. అందరు ఇంటరు. రేపు ఇంకో సత్తయ్య గిట్లనే పండుకుంటడు. నేను పొయి చక్కెర అంటె, 'అప్పుడు గూడ సారు ఉత్తగనే అన్నడు' అంటడు. లేవడు. ఒక్కసారి అన్నంక ఆ మాట మనది గాదమ్మా. వాపసు తీసుకోవద్దు."

ఆయన తీసుకోలేదు. కొంత కాలానికి కొందరు తిరిగి వచ్చారు. చాలామంది రాలేదు. తిరిగి వచ్చినవాళ్లలో సత్తయ్య ఒకడు. ఒక చలికాలం కుంటుకుంటూ వచ్చి, బెంచీ మీద కూలబడి, "మోకాలు గుంజుతున్నది సారూ. జర ఆ చక్కెరనే ఇయ్యండి" అన్నాడు. సారు కడుపు పట్టుకుని నవ్వారు. తరువాత కళ్లు మూసుకుని, ఆ మోకాలి గురించి ప్రపంచంలో ఇంకేమీ పని లేనట్టు అడగడం మొదలుపెట్టారు. నేను సొంత క్లినిక్ పెట్టుకున్న తరువాత, సారు నిద్రలోనే వెళ్లిపోయారు. వార్త తెలిసి నేను చేరేసరికి అంతా అయిపోయింది.

ఇన్నేళ్లలో నేను ఎన్ని తెల్ల గోళీలు ఇచ్చానో లెక్క లేదు. తగ్గినవాళ్లకు మందే తగ్గించిందో, కాలం తగ్గించిందో, ఒకరితో చెప్పుకోవడమే తగ్గించిందో, ఒకప్పుడు ఉన్నంత ధీమాగా ఇప్పుడు చెప్పలేను. నా దగ్గరికి వచ్చేవాళ్లంతా ఐటీ వాళ్లు. మెడలు పట్టేసినవాళ్లు, నిద్ర లేనివాళ్లు, ఎవరితోనూ పట్టుమని పది నిమిషాలు మాట్లాడి ఎన్నాళ్లయిందో మరిచిపోయినవాళ్లు. మళ్లీ రానివాళ్లకు నేను ఫోన్ చేస్తాను. సగం మంది ఏదో లోన్ ఇస్తామనే ఫోన్ అనుకుని ఎత్తరు. ఎత్తినవాళ్లు తగ్గలేదని చెప్పడానికి మొహమాటపడతారు. తగ్గలేదన్న మాట కోసమే చేశానని నచ్చజెప్పేసరికి తల ప్రాణం తోకకొస్తుంది.

మా పై అంతస్తులో హారిక ఉంటుంది, సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. లిఫ్టులో కనబడితే చాలు, "ఏంటి డాక్టర్ ఆంటీ, షుగర్ బిజినెస్ ఎలా ఉంది?" అంటుంది. ఆమె తండ్రి ఓబులేసు గారిది మా కడప జిల్లానే. ఆ యాస కోసమే నా దగ్గరికి వస్తారేమో అనిపించేది. ఎప్పటినుంచో ఉన్న అజీర్తికి మందు తీసుకునేవారు. పోయిన నెల ఒక ఉదయం హారిక చెప్పుల్లేకుండా మెట్ల మీద పరుగెత్తుకుంటూ వచ్చింది. నాన్న ఛాతీ పట్టుకుని కూర్చున్నారనీ, అంబులెన్స్ కింద నిలబడి ఉందనీ, ఆయన కుర్చీలోంచి లేవనంటున్నారనీ చెప్పింది.

వెళ్లాను. ఆయన ముఖం పాలిపోయి ఉంది. ఎడమ చెయ్యి ఒడిలో పడి ఉంది. నన్ను చూసి నవ్వడానికి ప్రయత్నించారు. "చూడు డాక్టరమ్మా, ఈ పిల్ల ఊరికే భయపడతాది. నీ మందు పనిచేస్తాండాది. ముందు పెరిగే కదా తగ్గేది? ఇప్పుడు ఆస్పత్రికి పోతే ఇన్నాళ్ల మందు పాడైపోతాది." ఆ మాట నేను ఆయనతో ఎన్నడూ అనలేదు. ఎక్కడో విన్నారు. గాలిలో ఉండే మాట అది. నచ్చజెప్పాను. బతిమాలాను. "నీ మీద నాకు గురి" అన్నారాయన.

నేను కుర్చీ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. నా వెనక హారిక, ఆమె భర్త, సెక్యూరిటీ అతను, పక్క ఫ్లాట్ వాళ్లు. నోరు తెరిచాను, మాట రాలేదు. కాలేజీ రోజుల నుంచి ఎవరు ఆ మాట అన్నా వాళ్లతో వాదించినదాన్ని. నా బతుకంతా ఆ గోళీలే. రెండోసారి నోరు తెరిచాను. "నాయనా, నేనిచ్చింది మందు కాదు. ఉత్త చక్కెర. పాడైపోయేదానికి దాంట్లో ఏమీ లేదు. లెయ్" అన్నాను. గొంతు వణికింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన నా ముఖం వంక చూసి, కూతురి వైపు చెయ్యి చాచారు. లిఫ్టు తలుపులు మూసుకునేటప్పుడు, అన్నాళ్లూ నన్ను ఆటపట్టించిన హారిక, ఏదో తప్పు చేసినదానిలా తల దించుకుంది.

ఆయన బతికారు. సంతోషమే. కానీ ఆ రోజు కిందికి దిగి నా కుర్చీలో కూర్చున్నాక నాకు ఆలోచనంతా భూమయ్య సారు గురించే. ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతు వణికిందా, కళ్లు తడిశాయా అని ఎంత గుర్తు చేసుకున్నా తెలియలేదు. సత్తయ్య లేస్తాడా లేవడా అని నేను సత్తయ్యనే చూస్తున్నాను. సారు వైపు చూడలేదు.