పైపు లోపలి గోడ

మేడమ్ పోయారని మొన్న పొద్దున సైనిక్‌పురి నుంచి ఆమె చెల్లెలు ఫోన్ చేశారు. ఆ రోజు బంద్. బస్సులు లేవు. సీతాఫల్‌మండి నుంచి స్కూటర్ మీద నేను చేరేసరికి పాస్టరుగారు ప్రార్థన ముగిస్తున్నారు. వచ్చినవాళ్ళు కొద్దిమందే.

మీలో చాలామందికి ఆవిడ తెలియకపోవచ్చు. సికింద్రాబాద్‌లోని ఒక ప్రయోగశాలలో ఆవిడ దగ్గరే నేను పని నేర్చుకున్నాను. అంతరిక్షంలోకి వెళ్ళే మనుషుల కోసం నిలవ ఉంచిన తాగునీళ్ళలో క్రిములు చేరకుండా చూడటం మా పని. నీళ్ళలో రవ్వంత వెండి కరిగిస్తే క్రిములు చస్తాయి. వ్యోమనౌకలో ఉండబోయేలాంటి ట్యాంకు, పైపులు ఒక గదిలో బిగించి, నెలల తరబడి ఆ నీళ్ళను పరీక్షించాం. ఏమీ కనబడలేదు. పెద్దలు సంబరపడి తుది సమీక్షకు రోజు ఖాయం చేశారు.

మేడమ్ మాత్రం అన్నం డబ్బా తెరిచి, మెతుకులు కెలుకుతూ కూర్చునేవారు.

"నీళ్ళు బాగానే ఉన్నాయమ్మా. పైపు లోపలి గోడ సంగతే మనకి తెలీదు," అన్నారొకరోజు. శుభ్రంగా కనబడ్డదాన్నే రెండోసారి చూడాలనేది ఆవిడ అలవాటు.

పైపు కోసి చూడాలన్నారు. ఉన్నది ఆ ఒక్క అమరికే. కోస్తే పరీక్ష మళ్ళీ మొదటికొస్తుంది.

"ఏమీ దొరక్కపోతే జవాబెవరు చెప్తారు?" అన్నారు డైరెక్టరుగారు.

"నేనే చెప్తాను సార్. పైకెళ్ళినవాళ్ళకి ఆ నీళ్ళు తప్ప వేరే నీళ్ళుండవు కదా."

మౌలాలి నుంచి వచ్చే మా టెక్నీషియన్ రంపం పట్టుకుని ఆగాడు. "మీకే పరేషాన్ అయితది మేడమ్. జెర ఆలోచించుండ్రి."

"కొయ్యి నాయనా," అన్నారు.

వంపు దగ్గర దూదిపుల్ల పెట్టి తిప్పితే జిగురు అంటుకొచ్చింది. వెండి చాలావరకు లోహపు గోడకే పట్టేసింది. నీళ్ళలో దాని బలం తగ్గింది. చావని క్రిములు గోడను కరుచుకుని పెరిగాయి. ఏదో ఒకరోజు అవి ఊడి నీళ్ళలో కలుస్తాయి.

ఎవరూ మెచ్చుకోలేదు. సమీక్ష ఆగిపోయింది. మేడమ్‌ను వేరే విభాగానికి పంపేశారు. "నాకు కోపం లేదమ్మా, పైకెళ్ళేవాళ్ళ గురించి భయమే," అన్నారు వెళ్తూ.

తర్వాత ఆవిడ మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. రోజుకి ఇన్నే అని తాగే నీళ్ళు కొలిచి ఇమ్మన్నారు డాక్టర్లు. చివరిసారి చూడబోయినప్పుడు ఆవిడ అడిగింది ఒకటే.

"పైపు మార్చారా?"

"లేదు మేడమ్. మళ్ళీ అలాంటిదే బిగిస్తున్నారు."

"నువ్వున్నావుగా. కోసి చూడమని అడుగుతూ ఉండు. విసుక్కుంటారు. అయినా అడుగు."

చెల్లెలు చెంచాతో నీళ్ళు పట్టారు. మేడమ్ వెంటనే మింగలేదు. కళ్ళు మూసుకుని, ఆ కాసిని నీళ్ళనీ చాలాసేపు బుగ్గనే ఉంచుకున్నారు.