తరుగు పోను నలభై

మా వంశంలో డిగ్రీ పట్టా పుచ్చుకున్న మొదటివాణ్ణి నేను. ఆ పట్టాను నిలువునా ముంచడానికి నాకు ఒక్క ప్రశ్న అడిగినంత సమయం చాలింది. ఎలా ముంచానో చెబుతాను. నవ్వండి, ఫరవాలేదు, నేను మాత్రం ఇప్పటికీ నవ్వలేను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో గుంటూరులోని ఒక స్కానింగ్ సెంటరులో ఎమ్మారై టెక్నీషియనుగా చేరాను. కాలేయంలో గడ్డ ఉన్నవారికి స్కాను తీసేటప్పుడు చేతి నరంలోకి కాంట్రాస్టు మందు ఎక్కిస్తాం. మందు అందాక గడ్డ మెరిసే తీరును బట్టి అది చెడ్డదో కాదో డాక్టరు గారు తేలుస్తారు. మోతాదు రోగి బరువును బట్టి ఉంటుంది. నేను దాన్ని దశాంశాలతో సహా లెక్క కట్టి, సిరంజిని కంటి ఎత్తున పట్టుకుని, బంగారం తూచే కంసాలికన్నా గంభీరంగా చూసేవాణ్ణి. చూసేవారెవరూ లేకపోయినా సరే.

ఆ రోజు అద్దంకి వైపు నుంచి కోటయ్య గారనే మిరప రైతు వచ్చారు. ఆయన కాలేయంలో గడ్డ ఉందని అప్పటికే తెలిసింది; ఎలాంటిదో తెలియాలి. భార్య రత్తమ్మ గారు అన్నం ముట్టకుండా వరండా బల్ల మీద కూర్చున్నారు. పక్కన ఆవిడ తమ్ముడు, అప్పుడే మిర్చి యార్డులో బావ గారి సరుకు కాటా వేయించి వచ్చాడు. నేను తలుపు సందులో నుంచి, కాగితం మీది చూపు ఎత్తకుండా అడిగాను.

"బరువెంతండీ?"

"నలభై రెండు. తరుగు పోను నలభై," అని జవాబు వచ్చింది.

నలభై అని రాశాను. 'తరుగు' అన్న మాటకు నా హృదయం ద్రవించింది కూడా. పాపం, జబ్బుతో మనిషి తరిగిపోయారు కాబోలు అనుకున్నాను. తూకంలో గోనె బరువనీ తేమ అనీ కోసేసేదాన్ని తరుగంటారని తెలియని పట్నం బిడ్డనా అంటే, కాదు. పర్చూరు దగ్గర పత్తి చేలల్లో పెరిగాను. కాటా దగ్గర ఆ మాట మీద దెబ్బలాడి దెబ్బలాడి మా నాన్న గొంతు బొంగురుపోయింది. పట్టా రాగానే నా చెవులు కూడా ఇంగ్లీషు మీడియంలో చేరిపోయాయన్నమాట.

ఆ నలభై కిలోల మనిషి పడుకోగానే స్కాను బల్ల మూలిగింది. పత్తి కుక్కిన బోరెం బస్తాలా ఉన్నారాయన. నాకు అనుమానం రాకపోలేదు. కాలేయ జబ్బులో పొట్టకు నీరు చేరుతుందని నాకు నేనే వైద్యశాస్త్రం బోధించుకుని, ఆ అనుమానాన్ని సగౌరవంగా సాగనంపాను. నలభై కిలోలకు తగిన మందును చుక్క ఎక్కువ కాకుండా ఎక్కించాను.

తెర మీద గడ్డ మెరవలేదు. చెడ్డ గడ్డలు మందు అందగానే మెరుస్తాయని చదివి ఉన్నాను. ఫలితం చెప్పే అధికారం నాకు లేదనీ చదివాను. అది ఆ సమయానికి గుర్తు రాలేదు. వరండాలోకి వెళ్లి, "అమ్మా, భయం లేదు. చెడ్డ గడ్డ కాదు," అన్నాను. ఆవిడ నా చేతులు పట్టుకుని కళ్లకద్దుకున్నారు. చల్లగా ఉండమని దీవించి, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని ఇడ్లీ తినడానికి వెళ్లారు.

ఇంతలో డాక్టరు గారు ఫిల్ములు చూశారు.

"గడ్డే కాదయ్యా, రక్తనాళాలు కూడా సరిగ్గా మెరవలేదు. మందెంతిచ్చావు?"

"నలభై కిలోలకు సరిపడా అండి."

"ఈయన పొట్ట చుట్టూ కొవ్వే అంతుంటుంది. మనిషిని చూశావా?"

"కాగితం చూశానండి."

కోటయ్య గారిని కాటా ఎక్కిస్తే ముల్లు తొంభై దాటింది. తిరిగి వచ్చిన తమ్ముణ్ణి నిలదీశాను. అతను తాపీగా, "నేను చెప్పింది మిరపకాయల టిక్కీ, ఒక్కో బస్తా బరువండి. మా బావని అమ్మకానికి తేలేదుగా, ఆయన బరువు అడుగుతారని నాకేం తెలుసు?" అన్నాడు.

ఇక రత్తమ్మ గారికి చెప్పాలి. ఇందాక చెప్పింది నిజమని తేలలేదు, అబద్ధమనీ తేలలేదు, స్కాను మళ్లీ తీయాలి అన్నాను. తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ణి. ఆవిడ గోడ వైపు తిరిగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

రెండు రోజులాగి, పూర్తి మోతాదుతో మళ్లీ తీశాం. గడ్డ అంచుల నుంచి మొదలై మెల్లగా లోపలికి మెరుస్తూ నిండింది. అది రక్తనాళాల ముద్ద మాత్రమేననీ, ప్రాణభయం లేదనీ డాక్టరు గారు తేల్చారు. చెడగొట్టినవాడివి నువ్వే కాబట్టి నువ్వే వెళ్లి చెప్పమన్నారు.

వెళ్లి చేతులు కట్టుకుని నిలబడ్డాను. "అమ్మా, భయం లేదు. చెడ్డ గడ్డ కాదు," అన్నాను. అవే మాటలు. ఈసారి నిజం.

ఆవిడ తలెత్తలేదు. "నువ్వు చెప్పబాక నాయనా. లోపలున్న పెద్దాయన్ని రమ్మను."

కనుక పాఠక మహాశయుల సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. కాటా ఎక్కించనిదే ఎవరి బరువూ రాయను. ఎంత శుభవార్త అయినా నా నోటితో చెప్పను. కూర ఎలా ఉందని ఇంట్లో అడిగినా, డాక్టరు గారు వచ్చి చెబుతారనే అంటున్నాను.