సెన్సార్ బండికి లారీ వెలుతురు

హైవే నాలుగు లైన్లయిన కొన్నేళ్లకు మా ఆయన కొత్త మోటార్‌సైకిల్ కొన్నారు. చిలకలూరిపేటలో ఒక జిన్నింగు మిల్లుకు పత్తి కొనిపెట్టడం ఆయన పని. గుప్పెడు పత్తి నలిపి చూసి తేమ ఎంతుందో చెప్పేసే మనిషి కాబట్టి, ప్రపంచంలో మిగతావన్నీ కూడా నలిపి చూస్తే తెలిసిపోతాయని ఆయన నమ్మకం.

షోరూమువాళ్లు బండి సంగతి వివరంగానే చెప్పారు. దీనికి కార్బురేటర్ లేదు, సెన్సార్లున్నాయి. గాలి ఎంత పోతోందో, ఇంజను ఎంత వేడెక్కిందో అవి కనిపెట్టి చెబితే, చిన్న కంప్యూటరొకటి సరిపడా పెట్రోలు పంపుతుంది. ఏదైనా తేడా వస్తే మీటరులో నారింజ రంగు దీపం వెలుగుతుంది.

“ఇది దానంతటదే ఆలోచించుకునే బండి నాన్నా” అన్నారు ఈయన ఇంటికొచ్చి.

కళ్లంలో మిరపకాయలు తిరగేస్తున్న మామగారు తలెత్తకుండానే, “పోన్లేరా, ఇంట్లో ఒకరికైనా ఆ పని వచ్చింది” అన్నారు.

నెల తిరక్కుండానే మా ఆయనకు హెడ్‌లైటు మీద అసంతృప్తి మొదలైంది. ఎదురొచ్చే లారీలు లైటు దించడం లేదట. మన వెలుతురు చూస్తే డ్రైవరుకు మర్యాద పుట్టాలన్నారు. హైవే పక్కనున్న ఎలక్ట్రీషియన్ దగ్గర కంపెనీ బల్బు పీకించి మూడింతల బల్బు వేయించారు. దాని కింద మరో రెండు లైట్లు, అవి చాలవన్నట్టు లారీ హారను. ఇది వేయించుకున్నవాళ్లెవరూ మళ్లీ తన దగ్గరకు రాలేదని ఎలక్ట్రీషియన్ భరోసా ఇచ్చాడు. ఎందుకు రాలేదో ఈయన అడగలేదు.

లారీలకు మర్యాద పుట్టలేదు సరికదా, పంతం పుట్టింది. ఉన్న లైట్లన్నీ వేసి ఎదురొచ్చేవి. సైకిళ్లవాళ్లు రోడ్డు దిగి నిలబడేవాళ్లు. పత్తితీతకు వెళ్లి వస్తున్న ఆడవాళ్లు కళ్లకు చేతులడ్డం పెట్టుకుని ఈయన వంశాన్ని తలుచుకునేవాళ్లు. ఒక ముసలమ్మయితే అంబులెన్సనుకుని, ఎవరికి బాగాలేదు నాయనా అని ఆదుర్దాగా అడిగింది.

కొన్నాళ్లకు నారింజ దీపం వెలిగింది. ఈయనకో స్నేహితుడున్నాడు, పురుగుమందుల షాపు. ఏ తెగులుకైనా రెట్టింపు మోతాదు చెప్పే వైద్యుడు. మిరప ఘాటుకు మనుషులే తుమ్ముతుంటే పాపం సెన్సారేం తట్టుకుంటుందని తేల్చాడు. ఈయనకది శాస్త్రీయంగా తోచింది. అయినా దీపం చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటోందని, నా బొట్టుబిళ్లొకటి తీసుకుని దానిమీద అంటించేశారు. బండికి జబ్బు నయమైంది.

ఆ వారమే చీరాలలో మా పిన్ని కూతురి నిశ్చితార్థం. బస్సులో వెళ్దామంటే వినలేదు. నేను పట్టుచీరతో వెనక కూర్చున్నాను. పర్చూరు దాటేసరికి పొద్దు వాలింది. లైట్లన్నీ వేశారు. కాసేపటికి ఇంజను దగ్గడం మొదలుపెట్టింది. లైట్లు ఆపితే సర్దుకుంటోంది, వేస్తే దగ్గుతోంది.

“ఏమండీ, ఆ లైట్లు వేసినప్పుడే కదా ఇలా చేస్తోంది?”

“లైటుకీ ఇంజనుకీ సంబంధం ఏంటే? ఇది సెన్సారు సమస్య.”

బండి ఆపి స్నేహితుడికి సెల్‌ఫోన్ చేశారు. అందే సెన్సారు ఏదుంటే దాని వైరు పీకెయ్యమని, పాతకాలం బండిలా దూసుకుపోతుందని అట్నుంచి సలహా. ఈయన వంగి, చేతికందిన వైరు పీకారు. ఇక బండి దగ్గడం కూడా మానేసింది.

నూలు బస్తాలతో చీరాల వెళ్తున్న మినీ లారీ ఒకటి మా పక్కన ఆగింది. డ్రైవరు కిందికి దిగి ఈ అలంకారమంతా తీరిగ్గా చూశాడు.

“ఇన్ని లైట్లు పెట్టుకుని చీకట్లో నిలబడ్డారేంటండీ?”

ఈయన బండిని బస్తాల మీదికెక్కించి, పక్కన కూర్చుని, జ్వరమొచ్చిన బిడ్డను పట్టుకున్నట్టు హ్యాండిల్ పట్టుకున్నారు. అప్పటిదాకా కోపంతో ఉడికిపోతున్న నాకు ఆ ముఖం చూశాక నవ్వాగలేదు. కాసేపటికి ఆయనా నవ్వారు, కొంచెం తప్పనిసరిగా. మేం చేరేసరికి తాంబూలాలు మార్చుకోవడం అయిపోయింది. మావైపు బంధువులంతా పెరుగన్నం దాకా ఆయనకు ఇంజన్ల గురించి చెబుతూనే ఉన్నారు. వాళ్లలో సగంమందికి సైకిలు తొక్కడం రాదు.

మర్నాడు సర్వీసు సెంటర్లో అదనపు లైట్లు తీసేసి, కంపెనీ బల్బు వేసి, పీకిన వైరు తగిలించి, బ్యాటరీ ఛార్జి చేశారు. కరెంటంతా లైట్లే తాగేస్తుంటే పెట్రోలు పంపుకీ, సెన్సార్లకీ ఏం మిగులుతుందని అడిగారు. ఈయన నావైపు ఒక్కసారి చూసి, గోడమీది క్యాలెండరు చదవసాగారు.

ఏడాదిలో ఊళ్లో అలాంటి బండ్లు ఇంకో నాలుగైదు వచ్చాయి. ఎవరి బండిలో దీపం వెలిగినా మా ఇంటికే తెచ్చేవాళ్లు, సెన్సార్లలో అనుభవమున్న మనిషని. ఈయన గొంతుక్కూర్చుని, బండిని చాలాసేపు చూసి, సెన్సార్లు మహా సున్నితమైనవని మొదలుపెట్టేవారు. అది పూర్తవడానికి చాలాసేపు పడుతుందని తెలిసి నేను టీ పెట్టడానికి లోపలికి వెళ్లేదాన్ని.