ఒకే తానులోంచి చింపించిన చీరలు

మొన్న అక్టోబరులో మా అత్తగారు పోయారు. ఆ కబురు నాకు చెప్పింది మా పెద్దమ్మాయి, ఫోన్‌లో. షికాగో దగ్గర అరోరాలో నేను నర్సుగా పనిచేసే హాస్పిటల్‌లో అప్పుడే డ్యూటీ ఎక్కాను. "అమ్మా, నానమ్మ లేవట్లేదు. ఐ ట్రైడ్. కాఫీ కూడా పెట్టాను," అంది. కాఫీ వాసనకి లేవలేదంటే ఇక లేవరని దానికీ తెలుసు, నాకూ తెలుసు. ఉద్యోగంలో ఎంతమందికో ఇలాంటి కబుర్లు చెప్పాను. వినడం వేరు. నేపర్‌విల్‌లోని మా ఇంటికి కారు ఎలా నడుపుకుంటూ వచ్చానో నాకు గుర్తు లేదు.

కోడలు అత్తగారి గురించి మంచిగా రాస్తే ఎవరూ నమ్మరు. అందుకని ముందు చెడ్డే చెప్తాను. ఆవిడది మహా మొండితనం. చీర మీద మా ఆయన పాత కోటు తొడుక్కుని, కాళ్ళకి ఆయన బూట్లే వేసుకుని, డ్రైవ్‌వేలో మంచు తనే తోస్తానని పార పట్టుకునేవారు. ఎదురింటి అమెరికన్ పెద్దాయన సాయం చేయబోతే ఆయనకి తెలుగులోనే చీవాట్లు పెట్టేవారు. ఆయన థాంక్యూ అని వెళ్ళిపోయేవాడు. ఒక స్కూలు హాలు అద్దెకి తీసుకుని జరుపుకునే మా తెలుగు చర్చిలో పాట అందుకుంటే చాలు, శ్రుతి ఎంత పైన పెట్టేవారంటే మిగతావాళ్ళకి గొంతు పోయేది. కానీ పాస్టరుగారు "ప్రార్థన అవసరతలుంటే చెప్పండమ్మా" అన్నప్పుడు మాత్రం ఎన్నడూ నోరు విప్పలేదు. ఎందుకండీ అంటే, "ఆయనకి తెలీనిదా నేను కొత్తగా చెప్పేది?" అనేవారు.

బట్టల దగ్గర ఆవిడ పట్టింపులు ఇంకో రకం. "ఒక ఉతుకు పడేదాకా ఏ గుడ్డనీ నమ్మకమ్మాయ్" అనేవారు. ఒకసారి సేల్‌లో మా పిల్లలిద్దరికీ ఒకే రంగు, ఒకే రకం చలికోట్లు కొన్నాను. మనమందరం చేసే పనే అది. ఇద్దరికీ ఒకటే కొంటే పోట్లాట ఉండదని. అత్తయ్య వాటిని చూసి మొహం మాడ్చుకున్నారు.

"ఒకటి తీసుకెళ్ళి మార్చుకురా."

"ఎందుకండీ? బాగానే ఉన్నాయిగా!"

"మార్చుకురా అన్నానా!"

మార్చి తెచ్చేదాకా నాతో మాట్లాడలేదు. ఇదేం చాదస్తమని పైకే అన్నాను.

డెబ్భై ఏడు నాటి దివిసీమ ఉప్పెన మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మా అత్తగారి ఊరు అక్కడే. ఆవిడ కూతురు, అంటే మా ఆడపడుచు, ఆ ఉప్పెనలో పోయింది. మామగారు అంతకుముందే పోయారు. మేమప్పటికే ఇక్కడ ఉన్నాం. మరుసటి ఏడాది మా ఆయన వెళ్ళి తల్లిని తీసుకొచ్చేశారు. కూతురి శవం దొరికిందనీ, మట్టి చేసి శిలువ పెట్టించాననీ, చాలామందికి ఆ పాటి కూడా దక్కలేదనీ ఆవిడ చెప్పారు. అంతకు మించి ఒక్క మాట లేదు. మా ఆయన ఇండియా వెళ్ళినప్పుడల్లా చెల్లెలి సమాధి మీద పూలు పెట్టి, ఫోటో తీసుకొచ్చి తల్లి చేతిలో పెట్టేవారు. ఆవిడ ఒకసారి చూసి దాన్ని బల్ల మీద బోర్లా పెట్టేవారు. చూడలేకపోతున్నారు కాబోలని మేం మళ్ళీ ఆ మాట ఎత్తేవాళ్ళం కాదు.

ఎనభైల మొదట్లో ఒక చలికాలం, నాతో పనిచేసే నర్సు నాకు రెండు పాసులిచ్చింది. షికాగోలో ఒక చిన్న మ్యూజియం, అందులో అన్నీ మాయా జాతివాళ్ళ నేతబట్టలు, దుస్తులు. గ్వాటెమాలా అనే దేశంలో కొండల్లో ఉంటారట వాళ్ళు. చేతికొచ్చిన పాసు వదులుకునే జాతి కాదు మనది. పిల్లల్ని స్కూల్‌కి పంపేసి అత్తాకోడళ్ళం ట్రైన్ ఎక్కాం.

లోపల దీపాలు మసగ్గా ఉన్నాయి. వెలుతురు ఎక్కువైతే రంగులు వెలిసిపోతాయట. అద్దాల వెనక ఆడవాళ్ళ రవికెలు చేతులు చాపినట్టు పరిచి పెట్టారు. మన రవికెల్లా బిగుతు కాదు, తల దూర్చి తొడుక్కునే వదులు రవికెలు. ఎరుపూ, ఊదా, నీలం, మెడ చుట్టూ పిట్టలూ పువ్వులూ. అత్తయ్య ముక్కు అద్దానికి ఆనించి మరీ చూశారు. "ఈ ఎరుపు చూడమ్మాయ్, మన చీరాల ఎరుపులా లేదూ?" అన్నారు. ఆవిడ అంత హుషారుగా మాట్లాడి ఎన్నాళ్ళయిందో.

అవన్నీ చూపించి చెప్పడానికి తెల్లజుట్టు అమెరికన్ ఆవిడ ఒకామె ఉంది. ఆ కొండల్లో చాలాకాలం ఉండి వచ్చిందట. ఆమె చెప్పింది నేను తెలుగులో చెప్తూ వచ్చాను. ఒక్కో ఊరిది ఒక్కో నేత. సంతలో ఒంటి మీది రవికె చూసి ఏ ఊరి మనిషో చెప్పేస్తారు.

"ఊరు తెలుస్తుంది, సరే. మనిషి తెలుస్తుందా? అడుగు," అన్నారు అత్తయ్య.

అడిగాను. ఎవరిది వాళ్ళే నేసుకుంటారనీ, ఏ ఇద్దరి చేతిపనీ ఒకేలా ఉండదనీ ఆమె చెప్పింది. "నేత నేర్పిన తల్లయితే తన కూతురి రవికెని ఎక్కడున్నా పోల్చుకుంటుంది," అంది.

ఆ మాట తెలుగులో చెప్పగానే అత్తయ్య అద్దం దగ్గర్నుంచి వెనక్కి జరిగారు. గది మధ్యనున్న బెంచీ మీద కూలబడ్డారు. నేను పక్కన కూర్చుంటే, నా వైపు చూడకుండా చెప్పారు.

"ఉప్పెనకి ముందటేడు క్రిస్మస్‌కి మా ఇంటి ఆడాళ్ళందరికీ ఒకే తానులోంచి చీరలు చింపించాను. ఆకుపచ్చ మీద తెల్ల చుక్కలు. నా పిల్లకొకటి, మా తోడికోడలి పిల్లకొకటి, అందరికీ అదే. ఒకళ్ళకి ఎక్కువా ఒకళ్ళకి తక్కువా అనకుండా. ఊరంతా మెచ్చుకున్నారు నన్ను."

ఉప్పెన వచ్చేనాటికి అవి ఇంట్లో కట్టుకునే చీరలైపోయాయి. ఆవిడ కూతురూ, తోడికోడలి కూతురూ ఒకే ఈడువాళ్ళు. ఇద్దరూ కొట్టుకుపోయారు. దొరికింది ఒక్క శవం.

"మొహం లేదమ్మాయ్. మెళ్ళో, చేతులకీ ఏం లేవు. నీళ్ళే లాక్కున్నాయో, మనుషులే లాక్కున్నారో. చీర చూసి నా పిల్లే అన్నాను. మట్టి చేశాం, పేరు చెక్కించాం. అప్పుడొచ్చింది మా తోడికోడలు వాళ్ళ పుట్టింటి నుంచి. 'అక్కా, ఆవేళ నేను బయల్దేరేటప్పటికి మా పిల్ల కూడా అదే చీర కట్టుకునుంది' అంది. అంతే. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు అది. నేనూ నోరెత్తలేదు."

ఆవిడ చెయ్యి పట్టుకుంటే మంచుముక్కలా ఉంది.

మ్యూజియం ఆవిడ మమ్మల్ని చూసి దగ్గరికొచ్చింది. ఆ బట్టల కథ విని ఏడుస్తున్నాం అనుకుంది కాబోలు, తనూ కూర్చుని ఇంకొంత చెప్పింది. ఇప్పుడక్కడ యుద్ధం జరుగుతోందట. సైనికులు ఊళ్ళకి ఊళ్ళు తగలబెడుతున్నారట. పారిపోయిన ఆడవాళ్ళు దారిలో ఈ రవికెలు విప్పేసి మామూలు గౌన్లు తొడుక్కుంటున్నారట. రవికె చూస్తే ఏ ఊరో తెలిసిపోతుంది, తెలిస్తే చంపేస్తారు. అది కూడా చెప్పమని అత్తయ్యే నా మోచెయ్యి పొడిస్తే, చెప్పాను.

ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. "ఒంటి మీద గుర్తుంటే బతకనివ్వరు. గుర్తు లేకపోతే చచ్చాక అయినా దొరకనివ్వరు. ఇంక ఏ గుడ్డ కట్టుకోవాలి అమ్మాయ్ ఆడది?" అన్నారు.

తిరిగొచ్చేటప్పుడు ట్రైన్‌లో ఒక్కటే మాట అన్నారు. "వాడికి చెప్పకు, నేనుండగా. పూలు పెట్టుకోడానికి వాడికో చెల్లెలుంది. ఉండనీ."

చెప్పుకుంటే బరువు తగ్గుతుందంటారు. నేను కళ్ళారా చూశాను, తగ్గలేదు. చర్చిలో అదే గొంతుతో పాడారు, ప్రార్థన అవసరతల దగ్గర అలాగే మౌనంగా కూర్చున్నారు. ఆవిడ పార పట్టుకుని బయటికెళ్తే నేను వద్దనడం మానేశాను. ఒళ్ళు అలిసిపోతే కాసేపు నిద్రయినా పడుతుందని.

క్రిందటేడు మా ఆయన్ని కూర్చోబెట్టి, తను పోతే ఇక్కడే పెట్టమని చెప్పారు. ఊరికి తీసుకెళ్ళొద్దన్నారు. ఆయనకి కోపం వచ్చింది.

"అదేంటమ్మా! చెల్లి పక్కన చోటుందిగా?"

"ఉంది. అలాగే ఉండనీ."

ఆయన చాలా రోజులు తల్లితో ముభావంగా ఉన్నారు. నాతో మాత్రం ఆవిడ ఒకసారి వంటింట్లో బెండకాయలు తరుగుతూ అన్నారు: "ఆ పక్క చోటు మా తోడికోడలిదేమో అమ్మాయ్. నేనెళ్ళి పడుకుంటే అదెక్కడికి పోతుంది?"

అరోరాలోనే మట్టి చేశాం. సన్నగా వాన పడుతోంది. చర్చివాళ్ళు పాట ఎత్తుకున్నారు గానీ ఆ శ్రుతి ఎవరికీ అందలేదు. అటూ ఇటూ మనవాళ్ళ సమాధి ఒక్కటి లేదు. మా ఆయన కళ్ళలో నీళ్ళు లేవు. తల్లి మీద కోపం ఇంకా పోలేదు. ఆ కోపంతో ఆయన జీవితమంతా ఉండకూడదని, కార్‌లో కూర్చున్నాక అంతా చెప్పేశాను.

ఆయన తాళం తిప్పలేదు. "మరి ఇన్నేళ్ళూ నేను పూలు పెట్టింది ఎవరికి?" అన్నారు.

"తెలీదండీ," అన్నాను.

నవంబరులో సమాధుల పండుగకి ఆయన ఊరెళ్ళారు. ఆ రోజు మావైపు క్రైస్తవులంతా సమాధులు శుభ్రం చేసి, సున్నం వేసి, పూలూ కొవ్వొత్తులూ పెడతారు. వెళ్ళాలో వద్దో తేల్చుకోలేక, చివరికి వెళ్ళారు. పోయిన వారం తిరిగొచ్చారు. ఈ సంగతి రాయొచ్చా అని అడిగితే, "అమ్మే లేదుగా. రాయి," అన్నారు. అక్కడ చూసింది కూడా అప్పుడే చెప్పారు, పెట్టె విప్పుతూ.

ఆయన పూలు పట్టుకుని వెళ్ళేసరికే వాళ్ళ పిన్ని అక్కడుందట. అత్తయ్య తోడికోడలు ఆవిడే. ముసలిదైపోయింది. సున్నం బకెట్టు పక్కన పెట్టుకుని సమాధికి పూస్తోందట.

"పిన్నీ, ఏటేటా నువ్వేనా వేస్తున్నది?"

"మరెవరేస్తారు నాయనా?"

ఆయన పూలు పెట్టడానికి ఆవిడ కాస్త జరిగి చోటిచ్చింది. తర్వాత శిలువకి కూడా సున్నం పూసింది. పూసి, కొంగు తడిపి, మా ఆడపడుచు పేరు మీదికి కారిన సున్నాన్ని ఒక్కో అక్షరంలోంచీ వేలితో తుడుస్తూ కూర్చుందట.