ఓక్‌దాన్ మామ్మ పాట ఆఖర్న

గాంగ్‌జిన్ ఊరి సంతవీధిలో మల్‌సున్ నడిపే పార్లర్‌కి జుట్టు వంకీలు తిప్పించుకోడానికొచ్చే ముసలమ్మలు ఊరికే కూర్చోరు. తలకి మందు పట్టేదాకా పనేముంది? నాట్లప్పుడూ కోతలప్పుడూ పాడుకున్న పాటలన్నీ ఎత్తుకుంటారు. మల్‌సున్ పదకొండేళ్లుగా వాటిని ఫోన్లో వీడియో తీసి, ఒక వెబ్‌సైట్‌లో దాచుకుంది. మొత్తం రెండొందల పద్నాలుగు. పాడినవాళ్లలో సగం మంది ఇప్పుడు లేరు. పాత ఫోనూ పోయింది.

ఆ సైట్‌ని సాయంత్రం ఆరింటికి మూసేస్తున్నారని ఆమెకి తెలిసింది అదే రోజు పొద్దున పదకొండింటికి. నెల కిందటే మెయిల్ పంపారట. ఆమె చూస్తేగా!

ఒక్కో పాట దిగడానికి అరగంట పడుతోంది. త్వరగా అవుతుందని కంప్యూటర్ తెర మీద ముప్ఫై కిటికీలు తెరిచింది. ఆరే కదిలాయి, మిగతావి తిరుగుతూ కూర్చున్నాయి. ఒంటిగంటకి ఇరవై నాలుగు దిగాయంతే.

"ఏమే, నా తల ఉడికిపోతోంది, నువ్వా డబ్బా ముందు నుంచి లేవవేం?" అంది ఓక్‌దాన్. ఎనభై మూడేళ్ల మనిషి, తలనిండా జుట్టు చుట్టిన గొట్టాలు.

"పాటలన్నీ పోతున్నాయి మామ్మా!"

ఆ కేక విని, పక్క కొట్లో ముద్రలు చెక్కే ఫిల్గు వచ్చి తెర చూశాడు. "చెల్లెమ్మా, నువ్వెన్ని కిటికీలు తెరిచినా బ్రౌజర్ ఒక సైట్ నుంచి ఒకేసారి ఆరుకి మించి లాగదు. ఇంకో బ్రౌజర్ పెట్టు. దానికి వేరే ఆరు."

"ఇంత తెలిసినవాడివి పొద్దున్నే చెప్పొచ్చుగా అన్నయ్యా?"

"అడిగావా?"

రెండో బ్రౌజర్ పెడితే పన్నెండు కదిలాయి. అయినా లెక్కేస్తే ఆరింటికి అందేలా లేదు. మల్‌సున్ కళ్లు తుడుచుకుంటూ ఓక్‌దాన్ తల కడిగింది. మందు ఎక్కువసేపు ఉండిపోయి, జుట్టు గొర్రెపిల్ల బొచ్చులా ముడుచుకుంది.

"కిమ్చి పచ్చడి పెట్టేటప్పుడు నూట యాభై క్యాబేజీలకి నువ్వొక్కదానివే ఉప్పేస్తావా?" అంది ఓక్‌దాన్. "పుమాసి పెట్టవే. ఇవాళ నీ పని, రేపు వాళ్ల పని. పిలువు."

పిలిచింది. ఫిల్గు, మందుల కొట్టాయన, బట్టల కొట్టామె, ఎండుచేపల కొట్టు దొక్‌ర్యే తలా రెండు బ్రౌజర్లు తెరిచారు. మూడున్నరకి ఎంతవరకొచ్చిందో చూద్దామని మల్‌సున్ చేపల కొట్లోకి వెళ్లింది. దొక్‌ర్యే పని మానేసి తెర ముందు కూర్చుని ఏడుస్తోంది.

"మా అమ్మ పాడుతోందక్కా..."

"రేపు ఏడుద్దువుగాని, ముందు దించవే!"

తీరా చూస్తే ఎవరి అమ్మ పాటలు వాళ్లు ముందు దించుకుంటున్నారు. దొక్‌ర్యే, బట్టల కొట్టామె అక్కచెల్లెళ్లు. అవే పాటలు రెండేసి సార్లు దిగాయి. దిక్కులేని పాటలు అలాగే ఉన్నాయి. మల్‌సున్ కూడా గట్టిగా తిట్టలేకపోయింది. పొద్దున ఆమె మొదట దించింది వాళ్లమ్మ పాటే మరి.

"పుమాసికి వచ్చేవాళ్లు సొంత క్యాబేజీలు తెచ్చుకుంటారా?" అని సంగతి విని కసిరింది ఓక్‌దాన్. "ఎవరూ సొంతవాళ్ల పాట ముట్టుకోకూడదు. నావి ఆఖర్న పెట్టండి."

జుట్టు చివర్లకి చుట్టే పల్చటి కాగితాల మీద మల్‌సున్ పాటల నంబర్లు రాసి, కొట్టు కొట్టుకీ పంచింది. మూసే వేళ దగ్గరపడేకొద్దీ సైట్ ఇంకా నెమ్మదించింది. ఐదున్నరకి పన్నెండు మిగిలాయి. ఆరింటికి పేజీ తెల్లగా ఖాళీ అయిపోయింది.

అన్నీ ఒకచోట చేర్చి లెక్కపెట్టింది. రెండొందల పదమూడు.

"నీ కోతల పాటే పోయింది మామ్మా."

"పాట పోతే పోయింది, పాడేదాన్ని నేను పోలేదుగా! ఫోన్ తియ్యి." ఓక్‌దాన్ అద్దంలో చూసుకుని మొహం చిట్లించింది. "ఈ గొర్రె తలతోనే తియ్యి. చేసింది నువ్వేగా, నలుగురూ చూడనీ."

ఆమె పాడింది. రెండో చరణం నుంచి దొక్‌ర్యే గొంతు కలిపింది. మల్‌సున్ వీడియో ఆపీ ఆపగానే దాన్ని ఐదు కొట్ల కంప్యూటర్లకీ పంపేసింది.