ఎడమచెయ్యి కింద పెట్టి

మా తమ్ముడు పోయాడు. మంగళవారం పొద్దున డ్యూటీకి బయల్దేరుతూ, బూట్లు వేసుకుంటూనే పక్కకు ఒరిగిపోయాడట. మరదలు ఫోన్ చేసి చెప్పింది. అప్పటికి నేను దీపం పెట్టి జపానికి కూర్చున్నాను. ఫోన్ పక్కన పెట్టి, మిగిలిన జపం పూర్తి చేశాను. ఎందుకు చేశానో తెలియదు. తర్వాత లేచి ఇంట్లో వాళ్లకు చెప్పాను. ఏడుపు ఇంకా రాలేదు.

వాడు లోకల్ రైళ్లలో టికెట్ కలెక్టరు. ఘజియాబాద్ నుంచి రోజూ ఢిల్లీకి ఉద్యోగాలకు వెళ్లే జనం ఎక్కే బళ్లు. ఇరవై ఏళ్లు వాటిల్లోనే తిరిగాడు. వాడికి నేను చెప్పాల్సిన మాట ఒకటి ఉండిపోయింది. ఈ నాలుగు ముక్కలూ అందుకే రాస్తున్నాను.

అమ్మ పోయేనాటికి వాడికి ఆరేళ్లు. అప్పట్లో ఢిల్లీ ఆర్.కె. పురం క్వార్టర్సులో ఉండేవాళ్లం. గుళ్లో తీర్థం ఒలకబోసుకుంటుంటే నేనే నేర్పాను: "కుడిచెయ్యి కింద ఎడమచెయ్యి పెట్టరా. ఏది తీసుకున్నా అలాగే తీసుకోవాలి." వాడు దాన్ని రైల్లోకి కూడా తీసుకెళ్లాడు. ఎవరు టికెట్ ఇచ్చినా తీర్థంలా అందుకునేవాడు. రోజూ వచ్చేవాళ్లు 'పండిట్‌జీ' అని పేరు పెట్టారు. "టికెట్ లేనివాడు దొంగ కాదక్కా, చాలాసార్లు ఆలస్యమైనవాడు" అనేవాడు.

తర్వాత ఫోన్ టికెట్లు వచ్చాయి. వాడి చేతికి వాటిని చదివే చిన్న మెషీన్ వచ్చింది. దాన్ని ఎప్పుడూ తిట్టలేదు. "మంచిదే అక్కా, కౌంటర్ దగ్గర తోపులాట తగ్గింది. కాకపోతే ఇప్పుడు నా చేతిలో ఎవరూ ఏమీ పెట్టరు" అన్నాడొకసారి, పెరుగన్నం కలుపుకుంటూ.

పోయిన చలికాలంలో నేను మేముండే సాహిబాబాద్‌లో ఢిల్లీ రైలెక్కాను. ఆఫీసులో ఉన్న మా అమ్మాయి తన ఫోన్‌లో టికెట్ తీసి, దాని ఫొటో నాకు పంపింది. టికెట్ అంటే అదే అనుకున్నాను. పెట్టెలోకి వచ్చింది మా తమ్ముడే. నవ్వుతూ ఫోన్ చూపించాను. వాడు నవ్వలేదు.

"ఇది ఫొటో అక్కా. చెల్లదు."

"టికెట్ కొన్నదేరా."

"ఎవరి ఫోన్‌లో కొన్నారో ఆ ఫోన్‌లోనే చూపించాలి."

మేం అక్కాతమ్ముళ్లమని పోల్చుకుని, సొంత అక్కనైనా వదిలెయ్యమని పక్క సీటాయన కలగజేసుకున్నాడు. "అరే పండిట్‌జీ, అప్నీ దీదీ కో తో ఛోడ్ దో!"

"దీదీ హై, ఇసీ లియే" అన్నాడు వాడు. అక్క కాబట్టేనట.

జరిమానా రసీదు రాసి ఇచ్చాడు. అది చేతిలో ఉంటే ఢిల్లీ దాకా వెళ్లొచ్చు. నేను మధ్యలోనే, ఆనంద్ విహార్‌లో దిగిపోయాను.

ఆ ఆదివారం మా ఇంటికి వచ్చి నా ఫోన్‌లో యాప్ పెట్టాడు. "స్టేషన్ బయట చాయ్ కొట్టు దగ్గర నిలబడి తీసుకో అక్కా. పట్టాల దగ్గరికి వెళ్లాక యాప్ టికెట్ ఇవ్వదు" అని రెండుసార్లు చెప్పాడు. లేచేముందు, "కోపమా అక్కా?" అన్నాడు.

"పప్పు వేసుకో" అన్నాను.

ఆ తర్వాత వచ్చినప్పుడల్లా అడిగాడు. నేను ఏదో ఒకటి వడ్డించాను. కోపం ఆ వారమే పోయింది. వాడు చేసింది సరైన పనే. ఆ మాట అనడానికి ఎంతసేపు పడుతుంది? అనలేదు. భగవంతుడు నాకు మాటలు తక్కువ ఇచ్చాడని సరిపెట్టుకునేదాన్ని.

నిన్న ఘజియాబాద్‌లో పన్నెండో రోజు కార్యక్రమం అయింది. ఇంటికి తిరిగి రావడానికి మా అబ్బాయి కారు తెస్తానన్నాడు. వద్దన్నాను. అక్కడి స్టేషన్ బయట కూడా చాయ్ కొట్టు దగ్గరే నిలబడి టికెట్ తీసుకున్నాను. మొదటిసారికే వచ్చింది.

పెట్టెలోకి టికెట్లు చూసే అమ్మాయి వచ్చింది, అలాంటి మెషీనే పట్టుకుని. ఫోన్ ముందుకు చాపాను.

"థోడా దూర్, ఆంటీ."

కొంచెం వెనక్కి జరిపాను. మెషీన్ కుయ్‌మంది.

"కోపం లేదురా" అన్నాను.

"క్యా, ఆంటీ?"

"కుఛ్ నహీ, బేటా."

ఆ అమ్మాయి పక్క సీటుకు వెళ్లిపోయింది. ఫోన్ పట్టుకున్న నా కుడిచెయ్యి ఇంకా చాచే ఉంది. దాని కింద ఎడమచెయ్యి ఉంది. సాహిబాబాద్ వచ్చేదాకా అలాగే ఉంచాను.